శేషాద్రిగారి గుండ్రటి కణాలు

శేషాద్రికి మనుషులంటే చిన్నచూపు. ఎవరో ఒకరిద్దరి మీద పగతో వచ్చింది కాదది. ఎక్కువ తక్కువలు లేకుండా అందరికీ సమంగా పంచిపెట్టేవాడు. నంద్యాల కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. బెంచీల మీద కూచున్న పిల్లలు అతని లెక్కలో గాడిదలు. తోటి లెక్చరర్లు ఏటేటా అవే నోట్సులు వల్లించే చిలకలు. అహోబిలంలో స్వామి సేవలో ఉన్న తండ్రి రంగనాథం, నలభై ఏళ్ళుగా తెల్లవారితే అవే పాశురాలు చదివే మనిషి, కొడుకు దృష్టిలో అరిగిపోయిన రికార్డు. భార్య వకుళమాల బి.ఏ. తప్పిందని పెళ్ళయి పద్నాలుగేళ్ళయినా నెలకోసారి గుర్తుచేసేవాడు.

వకుళమాల నోరు లేని మనిషేం కాదు. "నేను తప్పింది ఒక్క పరీక్షే. మీరు కనిపించిన ప్రతి మనిషి దగ్గరా తప్పుతాండారు" అని ఒకసారి చారు వడ్డిస్తూ అనేసింది. ఆ మాటలో అర్థం లేదని శేషాద్రి అన్నం కలుపుకుంటూనే తేల్చేశాడు.

కాపురం ఆళ్లగడ్డలో. పొద్దున బస్సెక్కి నంద్యాల పోవడం, సాయంత్రం బస్సెక్కి తిరిగి రావడం. 1981లో, ముప్పై ఏడో ఏట, పీహెచ్.డీ.కి పేరు నమోదు చేయించుకున్నాడు. ఎంచుకున్న విషయం మాత్రం మంచిది. ఒంట్లో రోగంతో పోరాడే తెల్లకణాలు ఉంటాయి. వాటిలో లింఫోసైట్లనే చిన్నకణాలు ఇంకో కణానికి తగిలినప్పుడు ఏం చేస్తాయి? విదేశీ పత్రికల్లో అప్పటికే చాలామంది రాస్తున్నారు. గుండ్రంగా ఉన్న చిన్నకణం సాగుతుందనీ, దానికి ముందూ వెనకా ఏర్పడతాయనీ, తగిన కణం తగిలితే లోపలి సరుకంతా తగిలిన వైపుకే చేరుతుందనీ, ఆ తర్వాత లావెక్కి పనికి దిగుతుందనీ. శేషాద్రి అవన్నీ తెప్పించి చదివాడు. చదివి, రాసినవాళ్ళ మీద కూడా పెదవి విరిచాడు. వాళ్ళంతా గాజు మీద మురికిని చూసి భ్రమపడ్డారని, అది తానే నిరూపిస్తానని మొదటి రోజే నిర్ణయించుకున్నాడు.

కణాలు కావాలంటే దారి తేలిక. క్షయరోగుల్లో కొందరికి ఊపిరితిత్తి పక్కన నీరు చేరుతుంది. డాక్టర్లు సూదితో ఆ నీరు తీస్తారు. అందులో చిన్నకణాలు లక్షలుగా ఉంటాయి. వాటికి మూడు నాలుగింతలుండి, దొరికిన చెత్తనంతా మింగే పెద్దకణాలూ ఉంటాయి. నంద్యాలలో ఒక మిషన్ ఆసుపత్రి ఉంది. అక్కడి ల్యాబులో పరీక్షకు కావలసింది తీసుకుని మిగిలిన నీరు పారబోసేవాళ్ళు. డాక్టరు దేవసహాయం మంచివాడు. "మీ చదువుకు పనికొస్తే తీసుకపోండి" అన్నాడు.

ఆ ల్యాబు లూదియాది. అంటే ఆమె పేరు మీద ఉందని కాదు. ఇరవై ఆరేళ్ళుగా ఆ గదిలో మైక్రోస్కోపు ముందు కూచున్నది ఆమె ఒక్కతే. గోస్పాడు మనిషి. తండ్రి కృపావరం చేలల్లో కూలికి పోయినవాడు. ఆమెను మిషన్ వాళ్ళు ఎనిమిదో తరగతి దాకా చదివించి, ఆసుపత్రిలో గాజుసామాను కడగడానికి పెట్టుకున్నారు. కడగడంతో మొదలై కళ్ళద్దాల వయసు వచ్చేటప్పటికి, డాక్టర్లు అనుమానం వస్తే ఆమెనే అడిగే స్థితికి వచ్చింది. చిన్నచూపులో ఆమె కూడా శేషాద్రికి తీసిపోయేది కాదు. కాకపోతే దాన్ని అతనిలాగా దుబారా చేసేది కాదు.

మొదటి రోజు శేషాద్రి థర్మాసు ఫ్లాస్కు నిండా ఐసు తెచ్చాడు. నీటి బుడ్డిని అందులో కూరుతుంటే లూదియా చూసింది.

"ఐసు ఎందుకు సార్?"

"చెడిపోకుండా."

"చలికి ముడుచుకుంటాయి సార్. ఒంట్లోంచి వచ్చినప్పుడు వెచ్చగా ఉంటాది. ఆ వెచ్చన పోకముందే చూడాల."

శేషాద్రి నవ్వాడు. "చలికి ముడుచుకోడానికి అవేమన్నా గోస్పాటి కూలీలా?"

లూదియా కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. "గోస్పాటి కూలోళ్ళు చలికి ముడుచుకోరు సార్. పనికి పోతారు" అని, మూత గట్టిగా బిగించి ఫ్లాస్కు చేతికిచ్చింది. అతను గడప దాటుతుంటే వెనక నుంచి మళ్ళీ అంది: "వార్డులోకి పోయేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోండి సార్. అందరూ దగ్గుతాండారు."

"నాకేం కాదులే" అన్నాడు శేషాద్రి, తిరిగి చూడకుండానే.

అతని సొంత మైక్రోస్కోపు ఆళ్లగడ్డ ఇంట్లో ఉంది. కాలేజీలో ఉన్నవి పిల్లలు పాడుచేశారని, ఎక్కడో సెకండుహ్యాండుది కొన్నాడు. కాబట్టి నీరు ఐసులో పడి గంటన్నర బస్సులో ప్రయాణం చేసేది. ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ తాగి, చల్లటి చుక్క స్లైడు మీద వేసి చూసేవాడు. గుండ్రంగా ఉండేవి. పెద్దకణం పక్కన చిన్నకణం, సంతలో బేరం కుదరని రెండు గుమ్మడికాయల మాదిరి, కదలకుండా, ఒకదానికొకటి ఏమీ కానట్టు. శేషాద్రి సంతోషంగా రాసుకునేవాడు: మార్పు లేదు. ఎండాకాలం, వానాకాలం, చలికాలం, ఎప్పుడు చూసినా మార్పు లేదు. ఐసు ఉన్నంతకాలం అన్నీ చలికాలాలే గదా. రెండేళ్ళలో నూట తొంభై ఎనిమిది స్లైడుల లెక్క పూర్తయింది. రెండు వందలు చేసి ముగించాలని అతని పట్టుదల.

1983 డిసెంబరులో, నూట తొంభై తొమ్మిదో స్లైడుకు నీరు తేవడానికి పోతూ, నంద్యాల బస్టాండులో ఫ్లాస్కు జారవిడిచాడు. లోపలి గాజు పొడిపొడి అయింది. ఐసు కాళ్ళ మీద పడింది. పక్కన నిలబడ్డ మనిషి "అయ్యో, దెబ్బ తగిలిందా అన్నా?" అని అడిగితే, "ముందు మీరు జరిగి నిలబడుంటే తగిలేది కాదు" అని అతని మీదే విసుక్కున్నాడు.

ల్యాబుకు వచ్చేసరికి అప్పుడే తీసిన నీటిబుడ్డి బల్ల మీద ఉంది. ఫ్లాస్కు లేదు. లూదియా పరిస్థితి చూసింది.

"ఈడనే చూడండి సార్. మైక్రోస్కోపు ఖాళీగానే ఉండాది."

ఇంకో దారి లేక స్టూలు లాక్కుని కూచున్నాడు. ఆమె స్లైడు తీసుకుంది. మైక్రోస్కోపు దీపం మీది రేకు గూటిపై కాసేపు పెట్టి, తీసి చెంపకు ఆనించి చూసింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ చెంపకు ఆనించింది.

"ఏందిది, పూజా?" అన్నాడు శేషాద్రి.

"బిడ్డకు నీళ్ళు పోసేటప్పుడు చూసుకుంటాం చూడు సార్, అంత వెచ్చన ఉండాల. ఎక్కువయితే సస్తాయి, తక్కువయితే ముడుచుకుంటాయి."

చుక్క వేసి, పైన పలచటి గాజుపలక కప్పి, ఆరిపోకుండా అంచులకు వ్యాజలైన్ రాసి, స్లైడు మైక్రోస్కోపు కింద పెట్టింది. కింది కాంతిని కాస్త తగ్గించి పక్కకు జరిగింది. శేషాద్రి కన్ను ఆనించాడు. గుండ్రటి చిన్నకణాలు. ఎప్పటివే. తల ఎత్తబోయాడు.

"ఉండండి సార్. గాలం ఏసినోడు ఎంటనే లేస్తాడా?"

ఉన్నాడు. ఎందుకున్నాడో తర్వాత ఎంత ఆలోచించినా అతనికి తెలియలేదు. రెండు నిముషాలు గడిచాక, మధ్యలో ఉన్న ఒక చిన్నకణం ఒక పక్కకు ఉబ్బింది. రెండో పక్క సన్నబడింది. చూస్తుండగానే, పిడి ఉన్న చేతి అద్దం ఆకారంలోకి వచ్చి పాకడం మొదలుపెట్టింది. వెడల్పు ముందు, పిడి వెనక. దారిలో ఎర్రకణాలు తగిలితే పట్టించుకోలేదు. తనలాంటిదే ఇంకో చిన్నకణం తగిలితే ఆగనైనా ఆగలేదు. తర్వాత ఒక పెద్దకణం దగ్గరికి వచ్చింది. తాకింది. ఆగిపోయింది.

చిన్నకణం పెద్దదానికి ఒత్తుకుని చదునయింది. దాని లోపల చెల్లాచెదరుగా ఉన్న నల్లటి రవ్వలు ఒక్కటొక్కటే కదిలాయి. ఊరు రాబోతుంటే బస్సులోని జనమంతా వాకిలి వైపుకు చేరినట్టు, తాకిన వైపుకే చేరి గుంపు కట్టాయి. ఇంకో వైపు ఖాళీ అయింది. ముందూ వెనకా అన్న తేడా ఇప్పుడు మారిపోయింది. ఆ పెద్దకణం ఏ పక్క ఉంటే అదే దానికి ముందు.

"నిలబడిందా సార్?" అంది లూదియా.

అతను కన్ను తీయకుండానే తలూపాడు.

"తాకినవన్నీ నిలబడవు సార్. వందలో ముప్పై నిలబడతాయి. మిగతావి తాకి, చూసుకోని, పోతాయి. ఎందుకో నాకు తెలీదు. ఆ నీళ్ళే కల్చర్ పెట్టెలో ఒంటి వెచ్చన కాడ పెట్టి మూడోనాడు చూస్తే, చిన్నవి కొన్ని ఇంతింత లావయింటాయి." ఆమె పాత ఓ.పీ. రిజిస్టరు ఒకటి తెచ్చి అతని ముందు తెరిచింది. రాసిన పేజీల వెనక పెన్సిలు బొమ్మలు. పాకే కణాలు, ఆగిన కణాలు, లావెక్కిన కణాలు. ప్రతి బొమ్మ కింద తేదీ. మొదటి తేదీ 1974 మే. "ఎండాకాలంలో మొదటిసారి చూసినా సార్. గది ఉడుకుతాండె. అన్నీ తిరుగుతాండె. చలికాలం వచ్చినంక ఒకటీ తిరగల్యా. అప్పుడు తెలిసింది."

తప్పు తనదని తెలిసిన క్షణంలో మనిషికి సిగ్గు కలగాలి. శేషాద్రికి అసహ్యం కలిగింది, అదీ లూదియా మీద. నూట తొంభై ఎనిమిది స్లైడులు, రెండేళ్ళ బస్సు ప్రయాణాలు, తాను ఓడించబోయిన పెద్ద పెద్ద పేర్లు, అన్నీ ఎనిమిదో తరగతి మనిషి గీసిన ఒక్క పెన్సిలు బొమ్మ కింద పడి నలిగిపోతున్నాయి. చటుక్కున లేచాడు.

"ఇది కణం చేసే పని కాదు. దీపం వేడికి ఉడికి కదులుతున్నాయి."

"ఉడికింది కదలదు సార్" అంది లూదియా.

అతను రిజిస్టరు మూసి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా కొత్త ఫ్లాస్కు కొన్నాడు. మిగిలిన రెండు స్లైడులూ ఐసులోనే పూర్తిచేశాడు. రెండూ గుండ్రంగానే ఉన్నాయి.

జనవరిలో వ్యాసం రాసి గైడుకు పంపాడు. గైడు ప్రొఫెసర్ కమలాక్షమ్మ. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, మైకు అక్కర్లేని గొంతు. ముందున్నవాళ్ళంతా రిటైరయ్యేదాకా ఓపిక పట్టి కుర్చీ ఎక్కిందని శేషాద్రి అభిప్రాయం. వ్యాసం చివర విదేశీయుల భ్రమల గురించి ఒక పేరా కూడా గట్టిగా బిగించాడు. ఆమె దగ్గర్నుంచి పోస్టుకార్డు వచ్చింది. ఒకే వాక్యం: "ఎంత వేడిలో చూశారు?"

శేషాద్రి అయిదు పేజీల జవాబు రాశాడు. అందులో మైక్రోస్కోపు పేరు ఉంది, కటకాల నంబర్లు ఉన్నాయి, లెక్కించిన పద్ధతి ఉంది. వేడి సంగతి తప్ప అన్నీ ఉన్నాయి.

మార్చిలో ప్రాక్టికల్ పరీక్షలకు బయటి ఎగ్జామినరుగా కమలాక్షమ్మే నంద్యాల వచ్చింది. పరీక్ష అయిపోగానే ఆమెను టిఫినుకు తీసుకుపోయి, అయిదు పేజీల్లో చెప్పింది నోటితో మళ్ళీ చెప్పాలని శేషాద్రి అనుకున్నాడు. మార్కుల కాగితాలు సర్ది వచ్చేసరికి ఆమె లేదు. "మేడమ్ రిక్షా ఎక్కి ఆసుపత్రికి పాయ సార్. మీరు నీళ్ళు యాడ్నుంచి తెస్తారో చూస్తానన్య" అన్నాడు అటెండరు.

ఎండలో, చెప్పులు టపటపలాడించుకుంటూ మైలు దూరం నడిచాడు. ల్యాబు వాకిట్లో ఆగాడు. ఇద్దరు ఆడవాళ్ళు బల్ల ముందు భుజం భుజం ఆనించి కూచున్నారు. ఒకరి కన్ను మైక్రోస్కోపులో ఉంది. ఇంకొకరి చేతిలో పెన్సిలుంది. పక్కన ఓ.పీ. రిజిస్టరు వెనకనుంచి తెరిచి ఉంది. అతను దగ్గాడు. ఎవరూ తిరగలేదు. మళ్ళీ దగ్గాడు.

"ఒక్క నిముషం" అంది ప్రొఫెసర్, వచ్చింది ఎవరో కూడా చూడకుండా. "లూదియమ్మా, ఇది కాలితో, అదే ఆ వెనక పిడితో, పట్టుకున్నట్టుంది, ముఖంతో కాదు."

"కొన్ని అట్ల పట్టుకుంటాయి మేడమ్. కాలు ఆనించి నిలబడతాయి. అవి తొందరగా వదలవు."

"విదేశాల్లో ఇప్పుడిప్పుడే రాస్తున్నారు, వేరే కణాలను చంపే చిన్నకణాల్లో లోపలి యంత్రమంతా శత్రువు వైపుకు తిరుగుతుందని. మీరు పదేళ్ళ కిందటే బొమ్మ గీసి పెట్టారు." అప్పుడు తల ఎత్తింది. శేషాద్రిని చూసింది. గొంతులో ఉత్సాహం తగ్గలేదు. "రండి, రండి. ఈ గదికి రెండేళ్ళుగా వస్తున్నారు గదా. ఇది మీరు చూశారా?"

శేషాద్రి చెప్పులు వాకిట్లో విడిచి ఒక్క అడుగు లోపలికి వేశాడు.

"లేదు మేడమ్. ఇక్కడ నేనెప్పుడూ చూడలేదు."

లూదియా అతని వైపు తిరిగింది. కోపంగా చూడలేదు. ఏమీ దొరకని స్లైడును తీసి పక్కన పెట్టేటప్పుడు ఎలా చూస్తుందో అలా చూసింది, అంతసేపే. మళ్ళీ బల్ల వైపుకు తిరిగి, "మేడమ్, ఇంకోటి నిలబడింది. తొందరగా చూడండి" అంది.

బస్టాండులో కమలాక్షమ్మ మెత్తగా మాట్లాడలేదు. "మీ రెండు వందల లెక్కలూ పారేయండి. కణాన్ని ఐసులో పెట్టి కదల్లేదనడం, మనిషిని మంచానికి కట్టేసి సోమరి అన్నట్టుంది."

"ఆమె ఎనిమిదో తరగతి చదివింది మేడమ్."

"ఔను. చదివింది మీరు. చూసింది ఆమె." బస్సు రావడంతో ఎక్కేసింది.

శేషాద్రి కాగితాలన్నీ ట్రంకుపెట్టెలో పడేసి తాళం వేశాడు. గైడుకు తన మీద అసూయ అని స్టాఫ్‌రూములో చెప్పుకున్నాడు. ఎవరూ ఔననలేదు, కాదనలేదు. అతను చెప్పేది వినే అలవాటు వాళ్ళకు ఎప్పుడో పోయింది. ఆసుపత్రి ఉన్న వీధిలోంచి పోవడం మానేసి, బస్టాండు నుంచి కాలేజీకి చుట్టుదారిన నడిచేవాడు.

ఆగస్టులో కుడిపక్క నొప్పి మొదలైంది. గాలి పీలిస్తే కత్తితో గీసినట్టుండేది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు వెచ్చబడేది. డాక్టర్ల మీద అతనికి ఎప్పుడూ నమ్మకం లేదు. గ్యాసని తానే తేల్చి, మూడు వారాలు వాము నీళ్ళు తాగాడు. బట్టలు వదులయ్యాయి. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఒక పొద్దున వకుళమాల చీర మార్చుకుని, సంచిలో అతని తుండుగుడ్డలు సర్దుకుని ఎదురుగా నిలబడింది.

"నడిచి వస్తారా, నలుగురిని పిలిచి మోయించనా?"

"ఎక్కడికి?"

"నంద్యాలకు. మీరు రెండేళ్ళు నీళ్ళు మోసుకొచ్చిన చోటికే."

"అక్కడికి మాత్రం రాను."

"అయితే మోయిస్తా" అంది. ఆమె అన్నంత పనీ చేసే మనిషని తెలిసి, అతను లేచి చొక్కా వేసుకున్నాడు.

దేవసహాయం వీపు మీద వేళ్ళతో తట్టి చూశాడు. పై భాగం డొల్లగా మోగింది. కింది భాగం బండ మీద కొట్టినట్టు మోగింది. "నీళ్ళు చేరినాయి సార్" అన్నాడు. ఎట్లా వచ్చిందని శేషాద్రి అడిగాడు. "ఎట్లని చెప్పేది? వార్డులో తిరిగినారు. బస్సుల్లో తిరిగినారు. ఈ రోగానికి ఫలానా మనిషని లేదు." కుర్చీలో వెనక్కి తిప్పి కూచోబెట్టి, పక్కటెముకల మధ్య సూది దించాడు. బుడ్డిలోకి నీరు దిగింది. ఎండుగడ్డి రంగు. ఆ రంగు శేషాద్రికి బాగా తెలుసు. రెండు వందల బుడ్డీలు చేత్తో పట్టుకున్నవాడు. నర్సు బుడ్డి తీసుకుని ఏ వైపుకు పోయిందో కూడా తెలుసు.

మంచం మీద పడుకుని పైకప్పు చూస్తున్నాడు. అరగంట కాలేదు, వాకిట్లో లూదియా నిలబడింది.

"నడవగలరా సార్?"

"ఎందుకు?"

"మీ నీళ్ళు ఇంకా వెచ్చగానే ఉండాయి."

వకుళమాల భుజం పట్టుకుని వసారా వెంట నడిచాడు. ల్యాబులో అదే స్టూలు మీద కూచున్నాడు. ఈసారి పది నిముషాలు చూశాడు. ఊపిరి అందక రెండుసార్లు తల ఎత్తి, మళ్ళీ వంచాడు. చిన్నకణాలు పాకుతున్నాయి. చాలా ఉన్నాయి. ఇన్నాళ్ళుగా నొప్పి అని, జ్వరమని అతను తిట్టుకుంటున్నప్పుడు ఇవి లోపల ఈ పనిలోనే ఉన్నాయి. ఒకటి పెద్దకణాన్ని తాకి ఆగింది. రవ్వలు అటు చేరాయి. ఇంకొకటి తాకి, చూసుకుని, పోయింది. ఒక పెద్దకణం చుట్టూ ఏకంగా అయిదు నిలబడి ఉన్నాయి, అన్నీ దాని వైపే తిరిగి. వీటికి అతను ఏమీ నేర్పలేదు. అతని అభిప్రాయం అవి అడగలేదు. అతను కదలవని రాసిపెట్టినా అవి అతని కోసం కదులుతూనే ఉన్నాయి.

"నేనూ చూస్తా" అని వకుళమాల వంగింది. ఒక కన్ను మూసుకోవడం రాక చేత్తో మూసుకుంది. కొంతసేపటికి, "ఇది పోయి దాన్ని పట్టుకుంది గదా" అంది. "దీనికేనా మీరు రెండేళ్ళు ఐసు మోసింది?"

లూదియా స్లైడు సరిచేస్తూ అంది: "మీవి కూడా అందరివి మాదిరే ఉండాయి సార్."

ఓదార్పుగా అన్నదో, పొడవాలని అన్నదో అతనికి తెలియలేదు. ఆమె ముఖంలో రెండూ లేవు. అతను స్టూలు అంచు పట్టుకున్నాడు.

"లూదియమ్మా" అన్నాడు. ఆ పేరు చివర అమ్మా అని చేర్చడం అదే మొదలు. "డిసెంబరులో ఆ పొద్దు నేను చూశాను. బాగా చూశాను."

"తెలుసు సార్. పక్కనే ఉంటి గదా."

"మేడమ్‌తో ఎందుకు చెప్పలేదు?"

లూదియా అతని వైపు చూడనైనా లేదు. "మీ గురించి చెప్పుకునేదానికి మేడమ్ రాల్యా సార్. కణాలు చూసేదానికి వచ్చింది."

వకుళమాల భర్త ముఖం వంక చూసింది. ఇంటి దగ్గరయితే ఇంకో మాట కలిపేదే. అతని చెవులు ఎర్రబడి ఉన్నాయి. తుండుగుడ్డతో అతని నుదుటి చెమట తుడిచి, చంకలో చెయ్యివేసి లేపింది.

నయం కావడానికి సూదులు, మాత్రలతో చాలా నెలలు పట్టింది. మొదటి వారంలోనే మంచం మీద నుంచి కమలాక్షమ్మకు కార్డు రాశాడు. అయిదు పేజీల మనిషికి ఈసారి రెండు వాక్యాలే వచ్చాయి: "డిసెంబరులో నేను చూశాను. చూడలేదని మీతో అబద్ధమాడాను." పోస్టులో వేశాక రెండు రోజులు అన్నం సహించలేదు. ఆమె తిరిగి రాసింది: "సరే. లేచి తిరగగలిగాక లూదియమ్మ పక్కన కూచుని ఒకటి నుంచి లెక్కపెట్టండి."

1985, 86, రెండేళ్ళు కూచున్నాడు. లూదియా మంచి పంతులమ్మ కాదు. ఓర్పు తక్కువ. "అంత వేడి పెడితే అవేమన్నా వడియాలా సార్?" అనేది. "తలకాయ ఊపొద్దు, బల్ల కదుల్తాది" అనేది. చెంపకు ఆనించి వెచ్చదనం తెలుసుకోవడం అతనికి ఆరు నెలలకు గాని రాలేదు. ఆమె చెప్పిన వందకు ముప్పై అనే లెక్క, నాలుగు వందల స్లైడుల మీద, ముప్పై ఒకటిగా తేలింది. అది విని లూదియా, "ఒకటి మీరు తప్పు లెక్కపెట్టింటారు" అంది.

అట్లని శేషాద్రి సాధువైపోలేదు. స్టాఫ్‌రూములో అతని నోరు అలాగే ఉంది. ప్రిన్సిపాలు గురించి అతను అనే మాటలు అలాగే ఉన్నాయి. మిషన్ ఆసుపత్రి గడప దాటి లోపలికి పోయినప్పుడు మాత్రం ఆ నోరు కాస్త తగ్గేది. తగ్గకపోతే లూదియా తగ్గించేది.

1987లో వ్యాసం అచ్చయింది. మూడు పేర్లు. లూదియా పేరు చివర ఉండాలా మధ్యలో ఉండాలా అని శేషాద్రి గైడుకు ఉత్తరం రాస్తే, "మొదట ఉండకూడదా?" అని జవాబు వచ్చింది. అంత పెద్దమనసు అతనికి అప్పటికింకా రాలేదు. మధ్యలో పెట్టాడు. పత్రిక రాగానే ఆ మధ్యాహ్నమే క్లాసు ఎగ్గొట్టి, ఆసుపత్రికి తీసుకుపోయి ఆమె బల్ల మీద పెట్టాడు.

లూదియా చేతులు తుడుచుకుని పేజీలు తిప్పింది. ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుని తన పేరు చదువుకుంది. ఇంకోసారి చదువుకుంది. తర్వాత బొమ్మ ఉన్న పేజీ దగ్గర ఆగి, కళ్ళద్దాలు పైకి జరిపి, చాలాసేపు చూసింది.

"తలకిందులు ఏసినారు సార్."

"ఏంది?"

"ఈ బొమ్మ. పెద్దకణం కిందికి ఉండాల. పైకి పెట్టినారు. మీ బాణం గుర్తు ఖాళీ పక్కకు చూపిస్తాండాది."

శేషాద్రి వంగి చూశాడు. నిజమే. తప్పు అచ్చాపీసు మీదికి నెట్టడానికి నోరు తెరిచాడు. ఆ మాట గొంతు దాకా వచ్చింది. కాసేపు అక్కడే ఉంది.

"ప్రూఫు నేనే చూశాను" అన్నాడు చివరికి.

"చూసింటారు" అంది లూదియా. పత్రిక మూసి, భద్రంగా సొరుగులో పెట్టుకుంది. వార్డు నుంచి వచ్చిన కఫం స్లైడుల పెట్టె ముందుకు లాక్కుని, మొదటిది తీసి కిటికీ వైపు ఎత్తి పట్టుకుంది.

"కొంచెం జరగండి సార్. వెలుతురుకు అడ్డం ఉండారు."

శేషాద్రి జరిగి నిలబడ్డాడు.